మొదటి అట్ట ఎవరిది?

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షిని మీలో చాలామంది చూసే ఉంటారు. వీరభద్రాలయం ఆవరణలో లతామండపం ఉంది కదా! దాని స్తంభాల మీద 16వ శతాబ్దపు శిల్పులు చెక్కిన లతలూ పువ్వులూ తర్వాతి కాలంలో చీరల అంచుల మీదికి ఎక్కాయి. రాతి మీది పువ్వు పట్టు మీదికి ఎలా వస్తుంది? ఆ సంగతి తెలియాలంటే ధర్మవరం వెళ్ళి, మగ్గం పైభాగాన్ని తలెత్తి చూడాలి.

అక్కడ జకార్డు అనే సాధనం కనిపిస్తుంది. 1804లో ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన జకార్డు రూపొందించినది కాబట్టి ఆ పేరు. దళసరి అట్టలకు రంధ్రాలు పొడిచి, వాటిని దండలా కూర్చి పైన వేలాడదీస్తారు. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట ముందుకు వస్తుంది. రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగులను పైకి లాగుతుంది. రంధ్రం లేనిచోట పోగు కదలదు. మగ్గానికి పువ్వంటే తెలియదు, నెమలంటే తెలియదు. రంధ్రం ఉందా, లేదా? దానికి తెలిసింది అంతే. అట్టలు మారిస్తే అదే మగ్గం మీద, అదే పట్టుతో వేరే చీర వస్తుంది.

కంప్యూటరు కూడా ఇలాంటి అమాయకపు యంత్రమే. మీట నొక్కగానే దానికి ఏమీ తెలియదు. జ్ఞాపకశాలలో ఏమీ ఉండదు. మనం తరచుగా చూసే రకం కంప్యూటర్లలో ప్రాసెసర్ లేవగానే ఒకే ఒక చోటు వైపు చూస్తుంది. అది 4 గిగాబైట్ల గీతకు సరిగ్గా 16 బైట్లు దిగువన ఉన్న చోటు. అక్కడ ఏ ఆజ్ఞ ఉంటే దాన్ని పాటిస్తుంది, అక్కడినుంచి తర్వాతి ఆజ్ఞకు పోతుంది. అక్కడ ముందుగా పెట్టి ఉంచే ప్రోగ్రామునే ఫర్మ్‌వేర్ అంటారు. జ్ఞాపకశాలను సిద్ధం చేయడం, డిస్కు ఎక్కడుందో వెతకడం, అందులోంచి అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చి పని అప్పగించడం దాని విధులు. 1981లో ఐబీఎం సంస్థ తెచ్చిన పీసీలో ఇది చెరపడానికి వీల్లేని ఒక చిప్పులో ఉండేది. దానికి బయాస్ అని పేరు.

మొదటి అట్ట తప్పయితే చీరంతా తప్పే. మొదటి ప్రోగ్రాము మోసగాడిదైతే, దాని తర్వాత వచ్చే ప్రతి ప్రోగ్రామూ ఆ మోసగాడి చేతుల మీదుగానే రావాలి. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఇంకో వింత. ఒక పెద్ద కంప్యూటరులో అనేక చిన్న కంప్యూటర్లు ఉన్నట్టు నటింపజేయవచ్చు. వీటిని వర్చువల్ మెషీన్లు అంటారు. పెద్ద ఇంట్లో అద్దెగదుల్లాంటివి అనుకోండి. ఈ ఊహ కొత్తదేమీ కాదు. ఐబీఎం 1972లోనే ఇలాంటి ఏర్పాటును అమ్మకానికి ప్రకటించింది. 2003లో ఫాబ్రిస్ బెల్లార్ క్యూఈఎంయూ అనే ప్రోగ్రామును వెలువరించాడు. 2007లో కేవీఎం అనే భాగం లినక్సులో చేరింది. ఈ రెండూ కలిసి నేడు లెక్కలేనన్ని అద్దెగదులను నడుపుతున్నాయి. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదులో ఇలాంటి అద్దె యంత్రాల కేంద్రాలను తెరిచింది.

హిందూపురంలోని ఒక ఆసుపత్రి తన రోగుల రక్తపరీక్షల వివరాలను ఎక్కడో దూరాన అద్దెగదిలో దాచుకుందనుకుందాం. గది మామూలు రకానిదైతే ఇంటి యజమాని దగ్గర ఒక ఫర్మ్‌వేర్ ఫైలు ఉంటుంది. గదిని తెరిచేటప్పుడు దాన్ని తెచ్చి ఆ 4 గిగాబైట్ల గీత కింద పెడతాడు. పని జరిగిపోతుంది. కానీ యజమాని తలుచుకుంటే గదిలోని జ్ఞాపకశాలనంతా చదవగలడు. యజమాని మంచివాడే కావచ్చు. అతని యంత్రంలోకి దొంగ చొరబడితే?

ఈ భయానికి మందుగా ఏఎండీ సంస్థ 2016లో ఒక పద్ధతిని ప్రకటించింది. తర్వాత ఇంటెల్ కూడా తన పద్ధతిని తెచ్చింది. గది జ్ఞాపకశాలలోకి వెళ్ళే ప్రతి అక్షరాన్నీ ప్రాసెసరే రహస్యలిపిలోకి మార్చేస్తుంది. తాళంచెవి చిప్పు లోపలే ఉంటుంది, యజమానికి కూడా అందదు. బయటినుంచి చూస్తే అర్థంలేని అంకెలే కనిపిస్తాయి. ఇదే గోప్య వర్చువల్ మెషీన్.

అయితే బాగా ఆలోచించేవాళ్ళకు ఇక్కడ సందేహం రావాలి. గోడలు ఎంత గట్టివైనా, లోపల మొదట పెట్టిన ఫర్మ్‌వేర్ యజమాని ఇచ్చిందే కదా! అది లోపలినుంచే రహస్యాలు బయటికి చేరవేస్తే?

అందుకే ప్రాసెసర్ ఆ గదిలో మొదట ఏమేం పెట్టారో కొలిచి ఒక సంఖ్యగా మారుస్తుంది. ఎలాగో కాగితం మీద చేసి చూడండి. 3, 1, 4, 2 అనే వరుస తీసుకోండి. 7తో మొదలుపెట్టి, ప్రతిసారీ 5తో హెచ్చించి, వరుసలోని తర్వాతి అంకెను కలిపి, 97తో భాగించి శేషం ఉంచుకోండి. 38, 94, 86, చివరికి 44 వస్తుంది. రెండో అంకెను 1 బదులు 2 చేయండి. 69 వస్తుంది! అంకెలు అవే ఉంచి వరుస మార్చి 3, 4, 1, 2 అని వేస్తే 7 వస్తుంది. చిన్న మార్పు కూడా దాగదన్నమాట. కానీ మన ఆటలో వచ్చే శేషాలు 97 మాత్రమే కాబట్టి మోసం సులువు. 3, 1, 3, 7 వేసినా 44 వస్తుంది, చూడండి. ప్రాసెసర్లు వాడే కొలతకు 384 బిట్ల పొడవు ఉంటుంది. దాన్ని మన అంకెల్లో రాస్తే 116 అంకెల దాకా పోతుంది. అదే కొలత వచ్చేలా మరో ఫర్మ్‌వేర్‌ను తయారుచేయడం ఎవరివల్లా అయ్యే పని కాదు.

ఈ సంఖ్యను చిప్పు తన సొంత ముద్రతో సంతకం చేసి, దూరాన ఉన్న ఆసుపత్రికి పంపుతుంది. లేపాక్షిలో వేలాడే స్తంభం దగ్గర ఏం చేస్తారు? స్తంభం నేలకు ఆనలేదని ఎవరో చెబితే నమ్మి ఊరుకోరు. దాని కిందినుంచి గుడ్డ దూర్చి అవతలికి లాగి చూస్తారు. ఇదీ అలాంటి పరీక్షే. సంఖ్య తాను ముందుగా లెక్కకట్టుకున్నదానితో సరిపోతేనే ఆసుపత్రి తన డిస్కు తాళంచెవిని గదిలోకి పంపుతుంది.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉంది. యజమాని ఏదో లోపం సరిచేసి తన ఫర్మ్‌వేర్‌ను మార్చాడనుకోండి. సంఖ్య మారిపోతుంది! ఆసుపత్రి తలుపు తీయదు. అది మంచి మార్పో, మోసమో తెలిసేదెలా? యజమాని ఫర్మ్‌వేర్ ఎలా రాశాడో చూపకపోతే అద్దెదారుకు దారే లేదు. నా దృష్టిలో దీనికి ఒకటే సరైన పరిష్కారం ఉంది. అట్టలను అద్దెదారే వెంట తెచ్చుకోవాలి.

క్యూఈఎంయూ పనివారిలో కొందరు ఇందుకు చక్కని ఉపాయం ప్రతిపాదించారు. గది మొదట యజమాని ఫర్మ్‌వేర్‌తోనే లేస్తుంది. అద్దెదారు డిస్కులోని చిన్న ప్రోగ్రాము తన సొంత ఫర్మ్‌వేర్ మూటను బయటికి అందించి, “దీన్ని పెట్టి నన్ను మళ్ళీ లేపు” అంటుంది. మామూలు గదికి ఇది సులువే. పాత ఫర్మ్‌వేర్ చోట కొత్తది పెట్టి, ప్రాసెసర్‌ను మళ్ళీ ఆ 16 బైట్ల చోటునుంచి మొదలుపెట్టిస్తే చాలు. గోప్యగదిలోకి యజమాని చెయ్యి దూరదు, లోపలి రిజిస్టర్లు కూడా రహస్యలిపిలోనే ఉంటాయి. అందుకని ఆ గదిని పూర్తిగా పడగొట్టి, పాత జ్ఞాపకాలన్నీ వదిలేసి, కొత్త మూటతో కొత్త గది కట్టాలి. చిప్పు కొలత మళ్ళీ మొదటినుంచి తీస్తుంది. అద్దెదారు అడిగే తీరు మాత్రం రెండు గదులకూ ఒక్కటే. ఇది తెలివైన ఏర్పాటు. ఒకే డిస్కు రెండుచోట్లా నడుస్తుంది.

మరి యజమాని మూటను మధ్యలో మార్చేస్తే? మార్చుకోనివ్వండి! కొలత తప్పుతుంది, తాళంచెవి రాదు. మూటలో రహస్యమేమీ లేదు కాబట్టి అతను చదివినా నష్టం లేదు. మొదటిసారి లేచిన ఫర్మ్‌వేర్ చెడ్డదైతే? దాని చేతికి మనం ఏ రహస్యమూ ఇవ్వలేదు కదా!

గోప్యగదుల తీరు కంపెనీకొకటి. ఏ పుటలో ఏం పెట్టాలి, రిజిస్టర్లు ఏ స్థితిలో మొదలవ్వాలి అన్నవి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. వీటినన్నిటినీ ఒకే ఫైలులో వివరించడానికి మైక్రోసాఫ్ట్ సంస్థ ఐజీవీఎం అనే రూపాన్ని తయారుచేసింది. మూటను ఇందులో కడితే, ఏ యంత్రంలోనైనా దాన్ని విప్పేవాడికి తికమక ఉండదు.

ఈ ఏర్పాటుతో అన్నీ తీరిపోవు. యజమాని కరెంటు ఆపేస్తే గది ఆగిపోతుంది, కొలత దాన్ని ఆపలేదు. మనం తెచ్చుకున్న ఫర్మ్‌వేర్‌లోనే లోపముంటే చిప్పు ఆ లోపాన్ని కూడా నమ్మకంగా కొలిచి, సంతకం పెట్టి పంపుతుంది. అప్పుడు దాన్ని సరిచేసి, కొత్త సంఖ్య లెక్కకట్టుకోవలసింది ఆసుపత్రివాళ్ళే. అందుకు వాళ్ళు యజమానిని అడగనక్కరలేదు.