ఆంథాలజీ – ఏరికూర్చిన మాల

పాఠ్యాంశ ఉద్దేశం

పలువురి రచనలను ఒకచోట చేర్చిన గ్రంథాన్ని ఆంగ్లంలో ‘ఆంథాలజీ’ అంటారు. ఆ పదానికి మూలార్థమేమి, మన ‘సంకలనం’తో దానికి గల పోలిక ఎంతవరకు, అటువంటి గ్రంథాల వల్ల సాహిత్యానికి కలిగిన మేలు ఏమిటి అనే విషయాలను తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

బయాలజీ, జువాలజీ, సైకాలజీ వంటి పేర్లు నిత్యం వినే విద్యార్థి ‘ఆంథాలజీ’ కూడా ఒక శాస్త్రం పేరే అనుకోవడం సహజం. చివరి అక్షరాలు ఒకటే గాని అర్థాలు వేరు. గ్రీకు భాషలో ‘లెగెయిన్’ అనే క్రియకు ‘పలుకుట’, ‘ఏరుట’ అని రెండర్థాలున్నాయి. శాస్త్రనామాలు మొదటి అర్థాన్ని ఆశ్రయించినవి. జీవులను గూర్చి పలికేది బయాలజీ. ఆంథాలజీలో ఉన్నది రెండవ అర్థం. ‘ఆంథోస్’ అనగా పువ్వు. చామంతిని ఆంగ్లంలో ‘క్రిసాంథిమమ్’ అంటారు. బంగారు పువ్వు అని దాని అర్థం. అందులో ఉన్నదీ ఈ పువ్వే. కనుక ఆంథాలజీ అనగా పూలు ఏరుట.

లాటిన్‌లో దీనికి సమానంగా ‘ఫ్లోరిలేజియం’ అనే పదం ఏర్పడింది. అందులోని ‘లెగెరే’ క్రియ నుండే కలెక్షన్, సెలక్షన్, ఎలక్షన్ అనే మాటలు పుట్టాయి. ఆ క్రియకే ‘చదువుట’ అనే అర్థం కూడా ఉండడం వల్ల లెక్చర్ అనే మాట వచ్చింది. ఏరడం, కూర్చడం, ఎన్నుకోవడం, చదవడం ఒకే మూలానికి చెందిన పనులని ఈ పదాలు తెలుపుతున్నాయి.

ఈ పూల పోలిక వెనుక ఒక కవి ఉన్నాడు. క్రీ.పూ. 100 ప్రాంతంలో మెలియాగర్ అనే గ్రీకు కవి తన పూర్వకవుల చిన్న పద్యాలను ఏరి ఒక గ్రంథంగా కూర్చి, దానికి ‘మాల’ అని పేరు పెట్టాడు. నేటి జోర్డాన్ దేశంలోని గదర అతని జన్మస్థలం. అవతారికలో ఒక్కొక్క కవిని ఒక్కొక్క పూవుతోనో మొక్కతోనో పోల్చాడు. కవయిత్రి సాఫోకు గులాబీలు దక్కాయి. ఆ మాల యథాతథంగా మనకు మిగలలేదు. అయినా అందలి పూలు పెక్కు వాడిపోలేదు. క్రీ.శ. 900 ప్రాంతంలో కెఫలాస్ అనే పండితుడు వాటిని మరొక పెద్ద కూర్పులో చేర్చాడు. దాని ఆధారంగా 10వ శతాబ్దిలో వ్రాసిన ప్రతి 17వ శతాబ్ది ఆరంభంలో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో వెలుగు చూసింది. అందులో సుమారు 3,700 పద్యాలున్నాయి.

మన దేశంలోనూ ఈ సంప్రదాయం ప్రాచీనమే. శాతవాహన ప్రభువైన హాలుని పేర వెలసిన ప్రాకృత ‘గాథాసప్తశతి’ కోటి గాథల నుండి ఏడు వందలు ఏరినట్లు తానే చెప్పుకొంటుంది. 1100 ప్రాంతంలో విద్యాకరుడు సంస్కృత శ్లోకాలతో ‘సుభాషితరత్నకోశం’ కూర్చాడు. గ్రీకులు పూలు ఏరితే మనవారు ఎక్కువగా రత్నాలు ఏరారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి ‘చాటుపద్యమణిమంజరి’ పేరులో మణులూ ఉన్నాయి, పూలగుత్తీ ఉంది.

ఇక మన పదాల సంగతి. సంకలనం అంటే గణితంలో కూడిక. సంపుటమంటే మూత గల భరిణె. నేటి వాడుకలో సాధారణంగా ఒకరి రచనల కూర్పు సంపుటి, పలువురి రచనల కూర్పు సంకలనం. ఆంగ్లపదం ఏరడాన్ని చెబితే మన పదం చేర్చడాన్ని చెబుతుంది. ఏరకుండా చేర్చితే అది కుప్ప. ఏరి చేర్చకుంటే పూలు చెల్లాచెదరు. రెండు పనులూ కలిసినప్పుడే మాల తయారవుతుంది.

అయితే ఏరడం బాధ్యతతో కూడిన పని. 15వ శతాబ్దిలో మడికి సింగన పలు నీతిగ్రంథాల పద్యాలతో ‘సకలనీతిసమ్మతం’ కూర్చాడు. వాటిలో ఒకటైన ‘ముద్రామాత్యం’ నేడు లభించదు. సింగన ఏరిన పద్యాల వల్లనే దాని స్వరూపం కొంతైనా తెలుస్తున్నది. తెనాలి రామకృష్ణుని ‘కందర్పకేతు విలాసం’ కూడా అలభ్యమే. పెదపాటి జగన్నాథకవి ‘ప్రబంధరత్నాకరం’లో చేర్చిన పద్యాలే దాని ఉనికికి సాక్ష్యాలు. ఏరిన చేయి ఈ పద్యాలను కాపాడింది. ఆ చేయి విడిచిన పద్యాలు మూలగ్రంథంతో పాటే నశించాయి. నచ్చినది ఏరుకొన్నామని సంకలనకర్త అనుకొంటాడు. తెలియకుండానే అతడు ముందు తరాలకు ఏది మిగలాలో నిర్ణయిస్తున్నాడు.

విద్యార్థుల చేతిలోని ఈ పాఠ్యపుస్తకమూ ఒక సంకలనమే. ఇందులో ఉన్నవి కొన్ని పూలు మాత్రమే. ఇవి పూచిన తోట గ్రంథాలయంలో ఉన్నది. ఒక పాఠం నచ్చినప్పుడు దాని మూలగ్రంథాన్ని వెదకి చదివినవాడే మాల విలువనూ, మాలలో చేరని పూల విలువనూ తెలుసుకొంటాడు.

అర్థాలు

అవతారిక = గ్రంథారంభంలోని పీఠిక
మంజరి = పూలగుత్తి
భరిణె = మూత గల చిన్న పెట్టె
అలభ్యం = దొరకనిది

ప్రశ్నలు

1. బయాలజీ, ఆంథాలజీ పదాల చివరి భాగాలలోని అర్థభేదాన్ని వివరించండి.
2. సంకలనానికీ సంపుటికీ గల తేడా ఏమిటి?
3. సంకలనకర్త బాధ్యతను పాఠంలోని ఉదాహరణలతో చర్చించండి.
4. మీకు నచ్చిన పది పద్యాలను ఏరి, ఎందుకు ఏరారో తెలుపుతూ చిన్న అవతారిక వ్రాయండి.