ఓడల తనిఖీ: విశాఖ, డార్విన్ రేవులు నేర్పు పాఠము

మన చెరువులలోను, కాలువలలోను ఊదారంగు పూలతో నీటినంతటిని కప్పివేయు గుర్రపుడెక్కను ఎరుగని తెలుగువారుండరు. అది పడవను కదలనీయదు, వల వేయనీయదు, అడుగు నీటికి వెలుతురును, ప్రాణవాయువును అందనీయదు. ఇది మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికాలో పుట్టిన దీనిని పూల అందమునకు మురిసి మనుష్యులే దేశదేశములకు కొనిపోయిరి. పుట్టిన చోట దీనిని తిని అదుపులో నుంచు పురుగులు కలవు. వచ్చిన చోట అవి లేవు. కనుకనే ఇది అడ్డు లేక పెరిగినది.

పరదేశము నుండి వచ్చిన ప్రతి జీవియు హానికరము కాదు. మన వంటింటిలోని మిరపయు, టమాటాయు అమెరికా ఖండమునుండి వచ్చినవే. వచ్చిన చోట అదుపు తప్పి పెరిగి, స్థానిక జీవులను, మనుష్యుల జీవనోపాధిని దెబ్బతీయు వాటినే శాస్త్రజ్ఞులు 'ఆక్రమణ జీవులు' అని పిలుచుచున్నారు. గుర్రపుడెక్క కంటికి కనబడు శత్రువు. కంటికి కనబడక, ఓడల అడుగున అంటుకొని వచ్చు శత్రువులు మరికొన్ని కలవు. వాటిని అరికట్టుటకు ఓడలను, పడవలను ఎందుకు తనిఖీ చేయవలెనో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పడవ వాహనమగు విధము

నీటిలో నిలిచిన ఏ వస్తువునకైనను కొలది దినములలో సన్నని జిగురు పొర ఏర్పడును. దానిపై నాచు, నాచుపై గుల్లలు, ఆలిచిప్పలు క్రమముగా నివాసమేర్పరచుకొనును. ఓడ కదలినప్పుడు ఈ ఊరంతయు దానితో కదలును. ఓడ నిలుకడ కొరకు ఒక రేవులో నింపుకొని మరియొక రేవులో వదలు తూకపు నీటిలో సైతము కంటికి ఆనని పిల్లజీవులు ప్రయాణము చేయును. ఇంజనును చల్లబరచుటకు సముద్రపు నీటిని తీసుకొను గొట్టములు, లంగరు గొలుసు, మోకులు, చుక్కాని సందులు, తడి వలలు ఇవన్నియు వాటికి దాగుడు చోట్లు.

సముద్రము లేని చోట కూడ ఈ ప్రమాదము తప్పదు. ఉత్తర అమెరికాలోని మహా సరస్సుల ప్రాంతములో 1988లో జీబ్రా ఆలిచిప్ప కనబడినది. అది ఐరోపానుండి వచ్చిన ఓడల తూకపు నీటిలో చేరినదని నిర్ణయించిరి. దాని దగ్గరి చుట్టమైన క్వాగా ఆలిచిప్ప 2007 జనవరిలో ఎంతో దూరమున, ఎడారి నడుమనున్న మీడ్ సరస్సులో బయటపడినది. ఆ రెంటి నడుమ ఓడలు నడచు నీటి మార్గము లేదు. విహారపు పడవలను బండ్లపై ఎక్కించి రోడ్డు మీదుగా ఒక సరస్సునుండి మరియొక సరస్సునకు తీసుకొనిపోవు ఆచారమే ఈ వ్యాప్తికి కారణమని భావించుచున్నారు. తేమ ఉన్నచో ఈ ఆలిచిప్పలు నీరు లేకయే అనేక దినములు బ్రతుకగలవు.

విశాఖ రేవులో

ఇట్టి కథ మన తీరమునను జరిగినది. మధ్య అమెరికా ఉష్ణమండల తీరములకు చెందిన ఒక చిన్న ఆలిచిప్ప 1967లో విశాఖపట్టణము రేవులో కనబడినది. శాస్త్రనామము మైటిలాప్సిస్ సల్లై. ఆనాడు దానిని కాంజీరియా సల్లై అనెడివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రవేత్త పి. ఎన్. గణపతియు, ఆయన సహచరులును దీనిని గూర్చి 1971లో వ్యాసము ప్రకటించిరి. కొలది సంవత్సరములకే బొంబాయి నౌకాశ్రయములోను ఇది కనబడినది.

ఈ జీవి నిడివి రమారమి 2.5 సెంటీమీటర్లు మాత్రమే. అయినను దాని శక్తి అల్పము కాదు. పుట్టిన నెల దినములలోనే సంతానోత్పత్తికి సిద్ధమగును. మంచినీటికి దగ్గరగానున్న నీటిలోను, సముద్రమునకు మించిన ఉప్పునీటిలోను బ్రతుకగలదు. దారములవంటి పోగులతో రాతికి, కొయ్యకు, ఇనుమునకు, చివరకు తోటి ఆలిచిప్పకు కూడ అంటుకొని పొరలు పొరలుగా పేరుకొనును. ఓడ అడుగున పేరుకొనినప్పుడు ఓడ బరువెక్కి వేగము తగ్గును. ఇంధనము ఎక్కువ ఖర్చగును. గొట్టములలో పేరుకొనినప్పుడు నీరు ఆగి యంత్రము వేడెక్కును.

ఇది ఓడల ద్వారా వచ్చినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. దానిని గుర్తించి, వర్ణించి, లోకమునకు తెలిపిన ఘనత మన శాస్త్రజ్ఞులది. కాని వారు చూచునప్పటికే అది రేవులో స్థిరపడియున్నది. వచ్చు ఓడ అడుగుభాగమును ఈ దృష్టితో పరీక్షించు ఏర్పాటు ఆనాడు లేదు. స్థిరపడిన దానిని తిరిగి వెళ్లగొట్టుటకు ఉపాయమును లేదు.

డార్విన్ రేవులో

ఇదే ఆలిచిప్ప ముప్పది సంవత్సరముల తరువాత ఆస్ట్రేలియా ఉత్తర తీరమందలి డార్విన్ పట్టణమునకు చేరినది. విశాఖనుండియే అక్కడికి పోయినదని చెప్పుటకు ఆధారము లేదు. కాని ఒక రేవులో నిలిచిన జీవి తరువాతి రేవునకు విత్తనమగునన్న సంగతి మాత్రము నిజము.

డార్విన్ తీరమున ఆటుపోట్ల తేడా 8 మీటర్ల వరకు ఉండును. అందుచేత విహారపు పడవలు నిలుపు చిన్న రేవులకు, మన గోదావరి కాలువలపైనున్న లాకుల వంటి తలుపులను అమర్చి, లోపలి నీటిమట్టమును కాపాడుదురు. 1998లో శాస్త్రజ్ఞులు ఆ రేవులలో మునిగి జీవుల పట్టిక తయారుచేసిరి. అప్పుడు ఈ ఆలిచిప్ప లేదు. సుమారు ఆరు మాసముల తరువాత, 1999 మార్చి నెలాఖరున, తిరిగి మునిగి చూచిరి. కల్లెన్ బే అను చిన్న రేవులో చదరపు మీటరునకు 20,000 మించి ఆలిచిప్పలు పేరుకొని యుండెను! వెంటనే వెదకగా మరి రెండు రేవులలోను దాని జాడ కనబడినది.

అక్కడి ప్రభుత్వము ఆలస్యము చేయలేదు. లాకుల తలుపులు మూసివేసిరి. లోపలి పడవలను క్వారంటైనులో ఉంచిరి. అంతకుముందే ఆ రేవులను విడిచిపోయిన పడవలను తీరము పొడవునా వెదకి పట్టుకొనిరి. ఈ విధముగా 400 మించిన పడవల వివరములు సేకరింపబడినవి. తరువాత వంద టన్నులకు మించిన బ్లీచింగ్ ద్రావణమును, కొన్ని టన్నుల మైలుతుత్తమును ఆ నీటిలో కలిపిరి. సుమారు నాలుగు వారములలో ఆలిచిప్పలు పూర్తిగా నశించినవి. వ్యయము 22 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు మించినది. ఆ నీటిలో నివసించిన ఇతర జీవులును ఆలిచిప్పలతో పాటు నశించినవి. అది కఠినమైన చికిత్స. అయినను ఆ తీరపు ముత్యముల పెంపకమును, దానిపై ఆధారపడిన కుటుంబములను కాపాడుటకు వేరు మార్గము కనబడలేదు.

ఈ విజయమునకు కారణములు రెండు. మొదటిది లాకుల తలుపులు. ఆలిచిప్ప తలుపులు లేని సముద్రములో స్థిరపడియున్నచో ఎంత ద్రావణము పోసినను ప్రయోజనముండెడిది కాదు. రెండవది, వారు ముందు ఒకసారి చూచియుండుట, మరల చూచుట. 1998 నాటి పట్టిక లేకున్నచో ఈ జీవి కొత్తగా వచ్చినదో, ఎప్పటినుండి ఉన్నదో తెలిసెడిది కాదు. రెండవసారి మునుగుట ఒక సంవత్సరము ఆలస్యమైనచో ఏమగునో పాఠకులే ఊహింపవచ్చును.

తనిఖీ జరుగు విధము

ఆ అనుభవముతో డార్విన్‌లో ఒక నియమమేర్పడినది. విదేశములనుండి వచ్చిన యాచ్ లాకు దాటి లోనికి పోవలెననిన ముందుగా తనిఖీ చేయించుకొనవలెను. ఈతగాళ్లు మునిగి దాని అడుగును, చుక్కాని సందులను, ప్రొపెల్లరును, నీరు తీసుకొను రంధ్రములను పరీక్షింతురు. లోపలి గొట్టములలో మందు ద్రావణమును నింపి కొన్ని గంటలు నిలిపి ఉంచుదురు.

అమెరికాలోని టాహో సరస్సు వద్ద 2008నుండి మోటారు పడవల తనిఖీ తప్పనిసరి అయినది. అక్కడి సూత్రము మూడు మాటలలో ఇమిడియున్నది: కడుగుము, నీరు కార్చుము, ఆరబెట్టుము. అనుమానమున్న పడవను సుమారు 60 సెంటీగ్రేడు డిగ్రీల వేడినీటితో కడుగుదురు. సరస్సునుండి బయటకు పోవు పడవను దాని బండికి తీగతో కట్టి సీలు వేయుదురు. ఆ సీలు చెదరక తిరిగివచ్చిన పడవ మరే నీటిని తాకలేదని అర్థము. దానికి మరల పరీక్ష అక్కరలేదు.

న్యూజీలాండు 2018 మే నెలనుండి విదేశీ ఓడలు శుభ్రమైన అడుగుతోనే రావలెనని శాసించినది. తూకపు నీటిని గూర్చిన అంతర్జాతీయ ఒడంబడిక 2004లో ఆమోదింపబడి, 2017 సెప్టెంబరు 8వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఒక ఆక్షేపణ

తనిఖీ వలన కాలహరణమగును, ఖర్చగును, దినకూలిపై బ్రతుకు జాలరికి ఇది అదనపు భారము కాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. తనిఖీ ఖర్చును బీదవాని నెత్తిన మోపుట తగదు. దానిని ప్రభుత్వమును, పెద్ద ఓడల యజమానులును భరింపవలెను. కాని తనిఖీ లేకుండుట వలన అందరికంటె ముందు నష్టపోవువాడు కూడ ఆ జాలరియే. కేరళలోని అష్టముడి సరస్సులో దక్షిణ అమెరికానుండి వచ్చిన చారు ఆలిచిప్ప వ్యాపించి, స్థానికపు ఆలిచిప్పలను ఏరుకొని జీవించువారికి ముప్పు తెచ్చినది. తమిళనాడులో ఎన్నూరు ప్రాంతపు నీళ్లలోను అది పెరిగి, రొయ్యలు పట్టువారు ఫిర్యాదు చేసిరి. ఎన్నూరునకు ఉత్తరముననే పులికాటు సరస్సు కలదు. ఆ సరస్సులో అధికభాగము మన ఆంధ్రప్రదేశములోనిదే. కనుక ఇది పరుల గోడు కాదు.

మన కర్తవ్యము

విశాఖనుండి కాకినాడకు, నిజాంపట్టణమునకు మరపడవలు తిరుగుచునే యుండును. పడవను ఒడ్డుకు చేర్చి రంగు వేయునప్పుడు గీకిన గుల్లలను తిరిగి నీటిలో పారవేయక, గట్టున ఎండబెట్టి పూడ్చుట ఖర్చులేని పని. తడివలను ఒక చెరువునుండి మరియొక చెరువునకు కొనిపోవుటకు ముందు ఎండలో ఆరవేయుటయు అట్టిదే. ఇంటి అద్దపు తొట్టిలోని విదేశీ చేపలను, మొక్కలను విసుగుపుట్టి చెరువులో వదలకుండుట మనవంటి పట్టణ విద్యార్థుల వంతు. జంతుశాస్త్రము చదువు విద్యార్థులు తమ ఊరి చెరువులోని జీవుల పట్టికను ఏటేటా వ్రాసి ఉంచినచో అది ఎంతో మేలు. డార్విన్‌ను కాపాడినది అట్టి పట్టికయే గదా!

మనము నిత్యము వాడు 'తనిఖీ' అను మాట ఉర్దూనుండి తెలుగునకు వచ్చినది. దాని అరబ్బీ మూలమైన 'తన్‌ఖీహ్' అను పదమునకు విచారించుట అనియే గాక, శుభ్రపరచుట, అక్కరలేని దానిని తొలగించుట అనియు అర్థములు కలవు. పడవ విషయములో ఈ రెండు అర్థములును ఒక్కటే అగుచున్నవి. విశాఖలో ఆ జీవిని చూచునప్పటికి ఆలస్యమైనది. డార్విన్‌లో వేళకు చూచిరి. ఆ రెండు రేవుల భేదమంతయు ఇంతమాత్రమే. వచ్చిన శత్రువును వెళ్లగొట్టుటకు లక్షలు కావలెను. రాకముందు చూచుటకు కావలసినది శ్రద్ధ గల రెండు కన్నులు.