కణంలో కండె ఎలా తయారవుతుంది?

ఉల్లి వేరు కొనకు రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే, కొన్ని కణాల్లో క్రోమోజోములు మధ్యలో బారులు తీరి ఉంటాయి. మరికొన్నిటిలో రెండు గుంపులుగా విడిపోతూ ఉంటాయి. వాటిని అలా నడిపించే పోగులు మాత్రం మనకు స్పష్టంగా కనిపించవు. ఆ పోగుల అమరికనే కండె అంటారు. నేతగాళ్లు నాడెలో పెట్టే నూలు కండెలాగే ఇది మధ్యలో లావుగా, చివర్లలో సన్నగా ఉంటుంది.

కండె పోగులు నిజానికి బోలు గొట్టాలు. వీటినే సూక్ష్మనాళికలు అంటాం. ఒక్కో గొట్టం వ్యాసం సుమారు 25 నానోమీటర్లు. ఆల్ఫా, బీటా అనే రెండు ట్యూబ్యులిన్ ప్రోటీన్ల జత దీనికి ఇటుక. ఇటుకలు ఒకదాని మీద ఒకటి చేరితే ఒక వరస అవుతుంది. సాధారణంగా 13 వరసలు పక్కపక్కన చేరి గొట్టం అవుతుంది.

కొత్తగా చేరే ప్రతి ఇటుకా జీటీపీ అనే అణువుతో వస్తుంది. చేరిన కొంతసేపటికి బీటా భాగంలోని జీటీపీ జీడీపీగా మారుతుంది. కొన మీద జీటీపీ ఇటుకలు టోపీలా ఉన్నంతసేపు గొట్టం పెరుగుతుంది. టోపీ పోతే వరసలు అరటి తొక్కలా విడిపోయి, గొట్టం చకచకా పొట్టిదవుతుంది. ఇలా పెరుగుతూ కూలుతూ ఉండే గుణాన్ని 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్నర్ వివరించారు. దీన్ని గతిశీల అస్థిరత అంటారు.

కట్టింది కూల్చడం వృథా పని కదా అనిపించవచ్చు. కాదు. బదిలీ అయినప్పుడు మనం పాత ఇంట్లోని సామాను సర్దుకెళ్లి, అదే సామానుతో కొత్త ఇల్లు అమర్చుకుంటాం. కణం కూడా విభజనకు ముందు తనలో పరచుకున్న సూక్ష్మనాళికలను విప్పి, ఆ ఇటుకలతోనే కండె కడుతుంది. జంతు కణాల్లో రెండు సెంట్రోసోములు చెరో ధ్రువానికి చేరతాయి. వాటిలోని గామా ట్యూబ్యులిన్ వలయాలే కొత్త గొట్టాలకు పునాది. ఉల్లి కణంలో సెంట్రోసోములు లేకపోయినా కండె ఏర్పడుతుంది.

ధ్రువాల నుంచి గొట్టాలు అన్ని వైపులా పెరుగుతాయి. క్రోమోజోము తగలనివి చాలావరకు కూలిపోతాయి, వాటి ఇటుకలు మళ్లీ వాడుకలోకి వస్తాయి. క్రోమోజోము మీది కైనెటోకోర్ అనే పట్టును అందుకున్నవి నిలబడతాయి. ఒక్కో క్రోమోజోముకు రెండు పట్లు ఉంటాయి. ఒకదాన్ని ఒక ధ్రువం, రెండోదాన్ని రెండో ధ్రువం పట్టుకోవాలి.

మన కణంలో 46 క్రోమోజోములు, అంటే 92 పట్లు. వాటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా 'ఆగు' అనే సంకేతం వెలువడుతుంది. తొందరపడితే ఒక పిల్లకణానికి ఒక క్రోమోజోము ఎక్కువ, మరోదానికి ఒకటి తక్కువ కావచ్చు. అన్నీ అందాకే చలనదశ మొదలవుతుంది. పోగులు పొట్టివవుతూ ఉంటే క్రోమాటిడ్లు ధ్రువాలకు చేరతాయి.

మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ సూక్ష్మనాళికలను కట్టనివ్వదు. యూ చెట్టు బెరడులో దొరికిన ట్యాక్సాల్ వాటిని కూలనివ్వదు. పనులు ఎదురెదురైనా రెండూ కణ విభజనను ఆపుతాయి, రెండూ క్యాన్సర్ మందులే.

ఆలోచించండి: కట్టడం ఆగినా, కూలడం ఆగినా విభజన ఎందుకు ఆగిపోతుంది?