లేసు పువ్వుకు పటం గీద్దాం

మన లాలాగూడ పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రైల్వే వర్క్‌షాపు. నిజాం రైల్వే కాలంలో, 1893లో మొదలైన ఈ వర్క్‌షాపులో బోగీల పని జరుగుతుంది. ఇలాంటి చోట ఫిట్టరు చేతికి డ్రాయింగు ఇస్తే చాలు, తాను ఎన్నడూ చూడని భాగాన్ని కూడా సరిగ్గా అమర్చగలడు. కొక్కెం సూదితో అల్లే క్రోషే లేసుకు కూడా అలాంటి డ్రాయింగు ఉంటుందని మనలో చాలామందికి తెలియదు. అల్లిక వచ్చిన ప్రతి ఒక్కరూ దాన్ని గీయడం కూడా నేర్చుకోవాలని మేము కోరుకుంటున్నాం. అందుకే ఈ పాఠం.

పటం ఎందుకు?

మన తెలుగునాట క్రోషే లేసుకు పుట్టిల్లు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని అక్కడి స్త్రీల చేతుల్లో పరిశ్రమగా ఎదిగింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వీరి జీవితాలను పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. గంటల తరబడి అల్లుతున్నా వీరిని పనివారుగా గుర్తించక, "ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులు" గానే లెక్కగట్టారని ఆమె తేల్చారు. పని ముక్కలుగా సాగేది. ఒకరు చేతిపనిగా పువ్వులు అల్లితే, మరొకరు అతుకుపనిగా వాటిని కలిపేవారు. పువ్వు అల్లిన మనిషికి పూర్తి దుప్పటి ఎలా ఉంటుందో చూసే అవకాశం తక్కువ. పటం ఉంటే మొత్తం నమూనా ఆమె కళ్లెదుట ఉంటుంది.

ఇంకో లాభం కూడా ఉంది. అమెరికా పుస్తకాల్లో సింగిల్ క్రోషే అనే కుట్టును బ్రిటన్ పుస్తకాల్లో డబుల్ క్రోషే అంటారు. మాటలు చదివితే తికమక తప్పదు. గుర్తులకు ఆ ఇబ్బంది లేదు. జపాను పుస్తకంలోని పటాన్ని జపాను భాష రాకపోయినా మనం అల్లవచ్చు.

ముఖ్యమైన గుర్తులు

(ఇక్కడ అమెరికా పేర్లే వాడుతున్నాం.)

చైను: చిన్న కోడిగుడ్డు ఆకారం.
స్లిప్ కుట్టు: నిండు చుక్క.
సింగిల్: కూడిక గుర్తు లేదా ఇంటూ గుర్తు.
డబుల్: ఇంగ్లీషు 'టి' అక్షరం, దాని నిలువు గీతపై ఒక ఏటవాలు గీత.
ట్రెబుల్: అదే 'టి', రెండు ఏటవాలు గీతలు.

డబుల్‌కు సూదిపై దారం ముందుగా ఒకసారి చుడతాం, ట్రెబుల్‌కు రెండుసార్లు. ఏటవాలు గీతలు చెప్పేది అదే.

లెక్క

గుండ్రని అల్లిక బల్లపరుపుగా రావాలంటే ప్రతి వరుసలో ఎన్ని కుట్లు పెంచాలి? పదో తరగతి గణితం చాలు. వృత్తం చుట్టుకొలత 2πr. వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు మేర పెరిగితే, చుట్టుకొలత దాదాపు 6.28 ఎత్తుల మేర పెరుగుతుంది. సింగిల్ కుట్టు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం కాబట్టి వరుసకు 6 పెంచుతాం. డబుల్ ఎత్తు వెడల్పుకు సుమారు రెట్టింపు కాబట్టి 12 పెంచుతాం. తక్కువ పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే అంచు అలల్లా లేస్తుంది.

ట్యాబ్‌లో గీసే విధానం

ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో క్రిటా అనే ఉచిత యాప్ ఈ పనికి బాగుంటుంది.

1. మొదటి లేయరులో ఒకే దూరంతో వృత్తాలు, కేంద్రం నుంచి 30 డిగ్రీలకు ఒకటి చొప్పున 12 గీతలు లేత రంగులో గీయాలి. ఇవి ఆధార గీతలు మాత్రమే.

2. కొత్త లేయరులో మధ్యన 6 చైన్ల ఉంగరం గీసి, దాన్ని కలిపేచోట చుక్క పెట్టాలి.

3. మల్టీబ్రష్ సాధనంలో సంఖ్య 12 అని ఇచ్చి, అక్షాన్ని సరిగ్గా కేంద్రంలో ఉంచాలి. ఒక డబుల్ గుర్తు గీస్తే పన్నెండు చోట్లా పడుతుంది. ఇది మొదటి వరుస. వరుస మొదట్లో 3 చైన్లు ఒక డబుల్‌కు బదులుగా వస్తాయి. కనుక మల్టీబ్రష్ ఆపి, ఒక గుర్తు చెరిపి, అక్కడ మూడు చైన్లు నిలువుగా గీయాలి. చివర చుక్క పెట్టాలి.

4. రెండో వరుసకు వేరే లేయరు, వేరే రంగు. మళ్లీ మల్టీబ్రష్‌తో ప్రతి కుట్టుపై రెండు డబుల్స్ ఒకే మొదలు నుంచి విచ్చుకున్నట్టు గీయాలి. మొత్తం 24. మూడో వరుసలో ఒకదానిపై ఒకటి, పక్కదానిపై రెండు. మొత్తం 36. ఈ రెండు వరుసల్లోనూ మొదటి డబుల్ స్థానంలో 3 చైన్లు, చివర చుక్క మరువరాదు.

5. ఆధార గీతల లేయరును దాచి, వరుసల సంఖ్యలు వేసి, ఒక మూల గుర్తుల పట్టిక ఇవ్వాలి.

గుర్తు అడుగుభాగం సూది దూర్చే కుట్టుపైనే ఆనాలి. అది పక్కకు జరిగితే అల్లేవారు పక్క కుట్టులో సూది దూరుస్తారు. పటం పూర్తయ్యాక ఒక స్నేహితురాలికిచ్చి, నోటితో ఏమీ చెప్పకుండా అల్లమనండి. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ పటం సరిచేయాలి.

మన నమూనా, మన పేరు

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అది ఆ ప్రాంతపు సరుకు పేరును కాపాడుతుంది. ఒక స్త్రీ సొంతంగా ఊహించిన కొత్త పువ్వు ఆమెదేనని చెప్పడానికి అది చాలదు. కొత్త నమూనాను బయటపెట్టకముందే రిజిస్టరు చేయించుకునే వీలు డిజైన్ల చట్టం, 2000లో ఉంది. అలా అడగాలన్నా ముందు నమూనా కాగితం మీద ఉండాలి కదా!

కాబట్టి సోదరీమణులారా, సోదరులారా, అల్లిక ఆడపిల్లల కాలక్షేపమనే మాటను పక్కన పెడదాం. అమ్మకు, అమ్మమ్మకు తెలిసిన ఒక్క పువ్వునైనా ఈ సెలవుల్లో పటంగా గీయండి. అడుగున వారి పేరు, తేదీ, ఊరు రాయండి.