బ్రాండ్‌కు పేరు పెట్టడమూ ఒక ఉద్యోగమే

కొత్త బ్రాండ్‌కు పేరు పెట్టి, దాని రూపం ఎలా ఉండాలో చూపించమని డిజైన్ కోర్సుల్లోనూ, ఎంబీఏ మార్కెటింగ్ ప్రాజెక్టుల్లోనూ, ఒక్కోసారి ఉద్యోగ ఇంటర్వ్యూల్లోనూ అడుగుతుంటారు. సైక్లింగ్ దుస్తుల బ్రాండ్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ పనిలో ఉన్న కష్టసుఖాలన్నీ తెలుస్తాయి. వేగం, చక్రం, పెడల్, రోడ్డు అన్న మాటల్లో రెండింటిని అతికించి పేరు తయారుచేయడం, దానికి చక్రం బొమ్మతో లోగో గీయడం, ఆ లోగోను జెర్సీ ఛాతీ మీద పెద్దగా అచ్చువేసి చూపించడం విద్యార్థులు సాధారణంగా వెళ్లే దారి. ఇది తలకిందుల పద్ధతి అని నా అభిప్రాయం. సరుకేమిటో చెప్పే పనిని దుస్తులకే వదిలేయాలి. పేరు మాత్రం మరెవరిదీ కాని గుర్తుగా నిలబడాలి. ఈ రెండింటినీ విడదీసి, ఒక్కో నిర్ణయానికి ఒక్కో కారణం చెప్పగలిగిన అభ్యర్థికే ఈ రంగంలో విలువ.

ఈ రంగంలో నిలదొక్కుకున్న పేర్లను చూడండి. 2004లో లండన్‌లో సైమన్ మోట్రమ్ మొదలుపెట్టిన రాఫా పేరులో సైకిలూ లేదు, దుస్తులూ లేవు. సెయింట్ రాఫేల్ అనే మద్యం కంపెనీ స్పాన్సర్ చేసిన పాత ఫ్రెంచ్ సైక్లింగ్ జట్టును రాఫా అనేవారు. ఆ పేరునే ఆయన ఎంచుకున్నారు. రూపమూ అదే ఆలోచన నుంచి వచ్చింది. స్పాన్సర్ల లోగోలతో కిక్కిరిసిన జెర్సీలు రాజ్యమేలుతున్న రోజుల్లో రాఫా ముదురు రంగు జెర్సీకి ఒక చేతి మీద తెల్లటి పట్టీ వేసి ఊరుకుంది. పాత రేసుల మీద అభిమానం, నిరాడంబరత అనే రెండు విషయాలను పేరూ పట్టీ కలిసి చెప్పాయి. 2017లో వాల్‌మార్ట్ వ్యవస్థాపకుడి మనవళ్ల పెట్టుబడి సంస్థ ఆ కంపెనీని కొన్నది. ఇటలీకి చెందిన కాస్టెల్లి, సాంటిని బ్రాండ్ల పేర్లు వాటి వ్యవస్థాపకుల ఇంటిపేర్లే. కాస్టెల్లి గుర్తు తేలు. సైకిల్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. అయినా రేసు చూసేవాళ్లు ఆ తేలును దూరం నుంచే గుర్తుపడతారు. పేరుకు అర్థం తర్వాత వచ్చి చేరుతుంది. దాన్ని తెచ్చిపెట్టేది సరుకు నాణ్యత.

చట్టం కూడా ఇదే వైపు మొగ్గుతుంది. మన దేశంలో 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం, సరుకు రకాన్నో నాణ్యతనో ఉపయోగాన్నో మాత్రమే వర్ణించే మాటలను మామూలుగా రిజిస్టర్ చేయరు. ఎంతోకాలం వాడి జనంలో గుర్తింపు తెచ్చుకుంటే తప్ప 'వేగవంతమైన సైకిల్ దుస్తులు' అన్న అర్థమిచ్చే పేరు మీద మీకు హక్కు దక్కడం కష్టం. సెక్షన్ 11 మరో గోడ. అప్పటికే ఉన్న మార్కుతో పోలి ఉండి, కొనేవాళ్లు పొరబడేలా ఉంటే అభ్యంతరం వస్తుంది. దుస్తులు 25వ తరగతి కిందికి వస్తాయి. హెల్మెట్లు 9లో, సైకిళ్లు 12లో ఉంటాయి. రేపు హెల్మెట్లు కూడా అమ్మే ఆలోచన ఉంటే 25 ఒక్కటే వెతికితే చాలదు. ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఈ వెతుకులాట ఉచితం. తెలుగు మాటను ఎంచుకునేవాళ్లు దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ వెతకాలి. పదిమందిలో పదిమందీ ఒకేలా రాయలేని పేరైతే ఎంత ఇష్టమైనా పక్కన పెట్టడం మంచిది.

కొత్త బ్రాండ్‌కు ప్రకటనల డబ్బు ఉండదు కదా, పేరే సరుకేమిటో చెప్పేస్తే సగం ఖర్చు తప్పుతుంది కదా అని కొందరంటారు. ఈ వాదనను తేలిగ్గా తీసేయలేం. ఆన్‌లైన్‌లో వెతికేవాడికి 'సైక్లింగ్ జెర్సీ' అన్న మాట కనబడాల్సిందే. అయితే ఆ మాట ఉత్పత్తి పేరులోనో, పేరు కింద రాసే చిన్న వాక్యంలోనో ఉంటే సరిపోతుంది. దాన్ని బ్రాండ్ పేరులోకే తెచ్చుకుంటే, అదే మాట పెట్టుకున్న పోటీదారును ఆపడానికి చేతిలో ఏమీ ఉండదు. పైగా రేపు పరుగు దుస్తులు తేవాలనుకున్నప్పుడు పాత పేరే అడ్డొస్తుంది. మొదటి ఏడాది సౌకర్యం కోసం పదేళ్ల ఆస్తిని వదులుకోవడం నాకు సరైన బేరంగా తోచదు.

ఇక డిజైన్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. సైకిల్ తొక్కే మనిషి నిటారుగా నిలబడి ఉండడు, హ్యాండిల్ మీదికి వంగి ఉంటాడు. ఛాతీ మీద వేసిన లోగో నేలను చూస్తుంటుంది. వెనుక వచ్చేవాళ్లకు కనబడేది వీపు, నడుము. జెర్సీ వెనుక భాగాన్ని పొడవుగా కత్తిరించేదీ, అంచున జారకుండా సిలికాన్ పట్టీ వేసేదీ, మూడు జేబులు నడుము మీద పెట్టేదీ ఆ వంగిన భంగిమ కోసమే. ఆ జేబుల్లో ఫోను, అరటిపండు, పంక్చర్ కిట్ పెట్టగానే వాటి మీది అక్షరాలు ఉబ్బి వంకర తిరుగుతాయి. అచ్చు విషయంలోనూ ఇలాంటి చిక్కులే. సబ్లిమేషన్ పద్ధతిలో బొమ్మను ముందు కాగితం మీద ముద్రించి, దాదాపు 200 డిగ్రీల వేడితో పాలిస్టర్ బట్టకు ఎక్కిస్తారు. కాటన్‌కు ఇది పట్టదు. బట్ట తెల్లటిది కాబట్టి, నల్లగా అచ్చువేసిన భాగం భుజం దగ్గర సాగినప్పుడు లోపలి తెలుపు తొంగిచూసి బూడిదరంగులో కనిపిస్తుంది. ముక్కలు విడివిడిగా అచ్చయి తర్వాత కుట్టుకు వెళ్తాయి గనుక, పక్క కుట్టు మీదుగా వెళ్లే గీత కొద్దిగా జరిగినా తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. లేత రంగు షార్ట్స్ చెమటకు తడిస్తే లోపలిది కనిపిస్తుంది. స్క్రీన్ మీద అందంగా ఉన్న బొమ్మ రోడ్డు మీద ఓడిపోయేది ఇలాంటిచోట్లే.

రంగుకూ కారణం ఉండాలి. టూర్ డి ఫ్రాన్స్‌లో 1919 నుంచి ముందున్నవాడికి పసుపు జెర్సీ ఇస్తున్నారు. గుంపులో అతన్ని గుర్తుపట్టడం దాని ప్రయోజనం. రేసు నడిపిన లోతో పత్రిక పసుపు కాగితం మీదే అచ్చయ్యేది. ఇటలీ రేసులో ముందున్నవాడి జెర్సీకి 1931లో గులాబీ రంగు వచ్చింది, దాన్ని నడిపిన గజెటా పత్రిక కాగితం గులాబీ రంగుది. మన సంగతికి వస్తే, ఎండాకాలంలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తొక్కేవాళ్లు తెల్లవారకముందే బయల్దేరతారు. వాళ్లకు మేలుచేసేవి పల్చటి బట్ట, లేత రంగు జెర్సీ, నడుము దగ్గర వెలుగు పడితే మెరిసే పట్టీ. యూరప్ చలికి కుట్టిన ముదురు రంగు జెర్సీని చూసి అలాగే గీస్తే అది మన రైడర్ కోసం చేసిన డిజైన్ అనిపించుకోదు.

పేర్లను ఏఐ నిమిషంలో వందల కొద్దీ ఇస్తోంది, కుట్టు పనిని తిరుప్పూర్ యూనిట్లు చూసుకుంటాయి, ఇక నేర్చుకోవడానికి ఏముంది అన్న నిరాశ ఈమధ్య విద్యార్థుల్లో వినబడుతోంది. పేర్లు చవకయ్యాయి నిజమే. అందుకే వాటిలోంచి ఒకటి ఏరి, ఎందుకు ఏరామో చెప్పగలగడం ఖరీదైంది. యూనిట్‌కు మీరు పంపే టెక్ ప్యాక్ అనే వివరాల పత్రంలో కొలతలు, కుట్టు రకం, లోగో ఎక్కడ మొదలవ్వాలన్నది సెంటీమీటర్లలో లేకపోతే ఎంత మంచి కుట్టుపనివాడైనా ఊహించే కుట్టాలి. ఆ ఊహ తప్పితే నష్టం బ్రాండ్‌దే.

ఈ పని నేర్చుకునే దారులు మన దగ్గరే ఉన్నాయి. హైదరాబాద్ నిఫ్ట్‌లో ఫ్యాషన్, టెక్స్‌టైల్ డిజైన్ కోర్సులున్నాయి, ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, యూసీడ్ ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్ బీడెస్‌లో చేరొచ్చు. ఏ కోర్సులో ఉన్నా, పోర్ట్‌ఫోలియోలో పది లోగోలకు బదులు ఒకే బ్రాండ్‌ను పూర్తిగా పెట్టండి. ఎంచుకున్న పేరుతోపాటు వదిలేసిన పేర్లు, వదిలేసిన కారణాలు, 25వ తరగతిలో వెతికిన ఫలితాలు, వంగి తొక్కుతున్న మనిషి మీద వెనుక నుంచి గీసిన జెర్సీ, ఒక టెక్ ప్యాక్ అందులో ఉండాలి. నిజంగా అమ్మే ఉద్దేశం ఉంటే కొత్త జెర్సీ డిజైన్‌ను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకముందే రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోండి. ముందే బయటపెట్టిన డిజైన్‌కు 2000 నాటి డిజైన్స్ చట్టం కింద రక్షణ దొరకదు. ట్రేడ్‌మార్క్‌కు మాత్రం ఎప్పుడైనా దరఖాస్తు చేయొచ్చు, రిజిస్టరైతే పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ మళ్లీ పొడిగించుకోవచ్చు.