రాజకీయముల యర్థశాస్త్రము: సెమినారులో మా యనుభవము

సంతలో వంకాయలు కొనువాడు బేరమాడి తన లాభమును చూచుకొనును. ఆ మనుష్యుడే ఓటు వేయునపుడు స్వలాభమును మఱచి లోకహితమునే తలంచునా? ఈ ప్రశ్ననుండి పుట్టినదే రాజకీయముల యర్థశాస్త్రము. అమెరికాలో ఆంథొనీ డౌన్స్ 1957లోను, జేమ్స్ బుకానన్, గార్డన్ టల్లక్ అనువారు 1962లోను దీనిపై గ్రంథములు ప్రకటించిరి. బుకాననునకు 1986లో నోబెల్ బహుమానము లభించెను.

మేము శిక్షణ కళాశాలలో చదువుచుండగా ఈ విషయమున వారమున కొకసారి సెమినారు జరిగెడిది. ఒక్క ఓటు ఫలితమును మార్చుట మిక్కిలి యరుదు గనుక, రాజకీయములను గూర్చి తెలిసికొనుటకు ఓటరు శ్రమపడకుండుట అవివేకము కాదని డౌన్స్ చెప్పిన మాట మాకు రుచింపలేదు. అటుతరువాత 2008లో రాజస్థానమునందలి నాథద్వారా నియోజకవర్గమున సి. పి. జోషి ఒకే యొక్క ఓటుతో ఓడిపోయినప్పుడు మా కా చర్చ జ్ఞాపకమునకు వచ్చెను. అయినను డౌన్స్ అరుదనెనే గాని అసాధ్యమనలేదు.

మాకు మఱపురాని పాఠము వేఱొకటి. మేమిరువది యొక్కరము. తరగతి నిధిలో కొంత సొమ్ము మిగిలెను. దానితో హాస్టలు బావి మోటారు బాగుచేయింతమా, పుస్తకములు కొందమా, విహారయాత్రకు పోవుదమా యని ప్రశ్న వచ్చెను. హాస్టలువారు ఏడుగురు. వారు వీధి కొళాయినుండి బిందెలతో నీళ్లు మోయుచుండిరి. వారికి మొదట మోటారు, పిదప పుస్తకములు, కడపట యాత్ర. మఱి యేడుగురికి పుస్తకములు, యాత్ర, మోటారు. మిగిలిన యేడుగురికి యాత్ర, మోటారు, పుస్తకములు. ఈ వ్యాసము వ్రాయుచున్న మేము ఈ కడపటి జట్టులోని వారము. నాటి సభకు అధ్యక్షులమును మేమే.

మొదట మోటారునకును పుస్తకములకును ఓట్లు తీసికొంటిమి. పదునలుగురు మోటారనిరి. తరువాత మోటారునకును యాత్రకును తీసికొనగా పదునలుగురు యాత్ర యనిరి. మఱునాడే బస్సునకు సొమ్ము కట్టితిమి.

తరువాతి వారమున మా యుపాధ్యాయులు ఫ్రెంచి పండితుడగు కొందొర్సే 1785లో వ్రాసిన విషయమును బోధించి, మా ఓట్లనే నల్లబల్లపై వ్రాసిరి. మొదట పుస్తకములకును యాత్రకును ఓట్లు తీసికొన్నచో పుస్తకములు గెలిచి, పిమ్మట మోటారు చేతిలో ఓడును. మోటారునకును యాత్రకును ముందుగా తీసికొన్నచో యాత్ర గెలిచి, పుస్తకముల చేతిలో ఓడును. ఓట్లు వేసినవారు వారే, కోరికలు అవే; వరుస మాఱినంతనే విజేత మాఱుచున్నది! అట్టిచోట అందఱి యభీష్టమని చెప్పదగినది ఒకటి లేనేలేదు. వరుస నేర్పఱచువాని చేతిలోనే తీర్పున్నది.

"వరుస నేర్పఱచినవారెవరు?" అని హాస్టలు మిత్రుడొకడు మెల్లగా అడిగెను. మేము తలవంచుకొంటిమి. ఆ వరుస యాత్రకు అనుకూలమని మాకు తెలియదని ప్రమాణముచేసి చెప్పగలము. కాని వేఱొక వరుస యేల తోచలేదో చెప్పలేము. కోరిక గలవానికి తోచు వరుసయు కోరిక వెంటనే నడచునేమో! మంత్రులును, ఉద్యోగులును, ఓటరులును మనవంటి మనుష్యులే యని బుకానన్ చెప్పినది ఇతరులను గూర్చి యని అంతవఱకు మేమనుకొంటిమి.

బస్సు సొమ్ము తిరిగి రాలేదు. యాత్రకు ఆ యేడుగురును రాలేదు. మేము తిరిగివచ్చిన సాయంకాలము వారు కొళాయియొద్ద బిందెలతో నిలిచియుండిరి.