యామనపల్లి రాక్షసబల్లి

బావి తవ్వేటప్పుడు చూసే ఉంటారు. పైన మట్టి. దాని కింద మొరం. ఇంకా కిందికి పోతే ఇసుకో, రాయో తగులుతుంది. నేల ఇలా పొరలు పొరలుగా ఉంటుంది.

ఈ పొరలు ఎలా వచ్చాయి? వానాకాలంలో వరద ఇసుకనీ, ఒండ్రునీ మోసుకొస్తుంది. వాటిని చెరువు అడుగున, ఏటి ఒడ్డున పరుస్తుంది. మరుసటి ఏడు దాని మీద ఇంకో పొర. ఇలా లక్షల ఏళ్లు జరుగుతుంది. పై పొరల బరువుకు కింది పొర గట్టిపడి రాయి అవుతుంది. పొరలు తలకిందులు కాని చోట కిందిది పాతది, పైది కొత్తది.

ఒక్కోసారి చచ్చిన జంతువు ఆ బురదలో పూడిపోతుంది. మాంసం కుళ్లిపోతుంది. ఎముకలు మిగులుతాయి. నీటిలో కరిగిన ఖనిజాలు ఎముకల సందుల్లోకి చేరతాయి. మెల్లమెల్లగా ఎముక రాయిలా మారుతుంది. దీన్నే శిలాజం అంటారు.

అన్ని రాళ్లలో శిలాజాలు ఉండవు. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల్లో ఎంత వెతికినా ఎముక దొరకదు. ఎందుకంటే ఆ రాయి భూమి లోపల కరిగి, చల్లారి గట్టిపడింది. అది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది.

తెలంగాణలోనే యామనపల్లి అనే ఊరు ఉంది. అది గోదావరి లోయలో ఉంది. 1970ల చివర్లో ఆ ఊరి దగ్గర 840 శిలాజ ఎముకలు దొరికాయి. అవి కనీసం 12 జంతువులవి. ఆ జంతువు ఒక రాక్షసబల్లి. మెడ పొడుగు, తోక పొడుగు. మొత్తం 30 అడుగుల దాకా ఉంటుందని అంచనా. 1988లో పి. యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటసారస్ అని పేరు పెట్టారు. ఆ రాతిపొరలను కోట పొరలు అంటారు. అందుకే ఆ పేరు. పూర్తి పేరులో యామనపల్లి పేరు కూడా ఉంది.

దాని తల దొరకలేదు. రెండు పళ్లు మాత్రం దొరికాయి. ఆ పళ్ల తీరు చూసి, అది ఆకులు మేసే జంతువని తెలుసుకున్నారు. కోట పొరల్లోని సున్నపురాతిలో చేపల శిలాజాలు కూడా ఉన్నాయి. అంటే సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట అక్కడ నీళ్లు నిలిచేవి. చెట్లు ఉండేవి. ఇవన్నీ చూసిన మనిషి లేడు. చెప్పింది రాళ్లే.

ఆ ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది.

శిలాజం ఏ పొరలో ఉందో అదే దానికి సాక్ష్యం. పెకిలించి ఇంటికి తెస్తే అది ఏ కాలానిదో చెప్పడం కష్టం. కంకర కొడితే అసలే మిగలదు. చేనులోనో, క్వారీలోనో ఎముకలాంటి రాయి కనబడితే కదిలించకూడదు. చోటు గుర్తు పెట్టుకోవాలి. బడి పంతులుకో, తహసీల్దారుకో చెప్పాలి. హైదరాబాదులోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకు ఉత్తరం రాసినా సరే.

చెప్పండి చూద్దాం
1. ఎముక రాయిలా ఎలా మారుతుంది?
2. గ్రానైటులో శిలాజాలు ఎందుకు దొరకవు?
3. కోటసారస్ ఆకులు మేసేదని ఎలా తెలిసింది?
4. మీ ఊళ్లో బావి తవ్వినప్పుడు ఏయే పొరలు తగిలాయి? పెద్దలను అడిగి రాయండి.